బ్యాటరీకి వేరు కాపురం

ప్రొద్దుటూరులో బస్సులున్నవాళ్లకు కొదవ లేదు. కానీ బస్సులో మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు పెట్టించి, ఇది నా రెండో ఇల్లు అని వీధంతా చెప్పుకున్నవాడు అన్సర్ ఒక్కడే. చెప్పుకోవడం వరకు బాగానే ఉంది. ఆ రెండో ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. బస్సు ఇంటి ముందు నిలబడి దుమ్ము పట్టించుకుంటోంది, అంతే.

ఎందుకు పడుకోలేదో అతని భార్య ఖమ్రున్నీసాకు తెలుసు. అన్సర్ ఇరవై ఏళ్లకు పైగా కువైట్‌లో డ్రైవరు పని చేసి, ఊరికి వస్తూ వస్తూ చక్కెర జబ్బు, మోకాళ్ల నొప్పులతో పాటు ఇంకో వింత జబ్బు కూడా తెచ్చుకున్నాడు. నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ఆగి, కాసేపటికి గుర్రుమని మళ్లీ అందుకుంటుంది. ఆ కాసేపట్లో పక్కన పడుకున్నవాళ్ల ప్రాణం పోయి వస్తుంది. కడప డాక్టరు ముక్కుకు తగిలించుకునే ఊపిరి మిషను ఒకటి రాసిచ్చాడు. అది రాత్రంతా గాలి ఊదుతూ ఉండాలి, ఆగకూడదు. ఇంట్లో అయితే కరెంటు ఉంది, కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. బస్సులో ఉన్నవల్లా సీటు కింద రెండు బ్యాటరీలు. అవి తెల్లవారేదాకా నిలిస్తే అది ఇల్లు, నిలవకపోతే బస్సు.

నిలవకపోతే దాన్ని తీసుకుపోవడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. అన్సర్ చెల్లెలి మొగుడు షాహుల్‌కు జమ్మలమడుగులో పలావు అంగడి ఉంది. బస్సు పక్కగోడ కోసి పెద్ద కిటికీ పెట్టి, రోడ్డు మీద పలావు అమ్మాలని అతని ఆలోచన.

"రాత్రి నిలిచే బండైతే మీరే పెట్టుకోండి బావా. నిలవనిదాన్ని ఊరికే ఎండకు పెట్టుకోని ఏం చేస్తావు? ఆదివారం పొద్దున వస్తా, యాదో ఒక మాట చెప్పు" అన్నాడు.

అతని మాటలో న్యాయం ఉంది. అందుకే ఖమ్రున్నీసాకు ఒళ్లు మండింది.

ఆ బస్సు మీద ఆమెకున్న ఆశ చిన్నదే. మైలవరం ఆమె పుట్టిన ఊరు. నాయన డ్యాములో చేపలు పట్టేవాడు. కట్ట మీద కూర్చుని నీళ్లలో తెల్లవారడం చూస్తూ, వలలోంచి దులిపిన చేపలు ఏరుకున్న పిల్ల ఆమె. ఇప్పుడక్కడ తనవాళ్లంటూ ఎవరూ లేరు. పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. ఒక రాత్రి ఉందామంటే దూరడానికి గడప లేదు. పుట్టింటివాళ్లు లేని ఊరికి ఇల్లే తోలుకుని పోవచ్చని ఆమెకు తోచిన రోజు నుంచి, ఆ బస్సు మొగుడికన్నా ఆమెదే ఎక్కువైంది.

అన్సర్ ఆశ వేరే. కువైట్‌లో చలికాలం వస్తే అతని యజమాని కుటుంబమంతా ఎడారిలో డేరాలు వేసుకుని గడిపేది. వాళ్ల కోసం ఇల్లంత బండి ఒకటి ఉండేది. ఎన్నో చలికాలాలు ఆ బండిని అన్సర్ తోలాడు, కడిగాడు, నీళ్లు నింపాడు. పడుకున్నది మాత్రం బయట చిన్న గుడారంలో. లోపల ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదు. ఈ సంగతి అతను ఫోనులో నవ్వుతూ చెప్పాడు. ఖమ్రున్నీసా కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక ఏడ్చింది.

అందుకే అతను పులివెందులలో ఒక స్కూలు వాళ్లు అమ్మకానికి పెట్టిన చిన్న బస్సు కొంటానంటే ఆమె అడ్డు చెప్పలేదు. నీలం రంగు వేయించారు గానీ, ఎండ పడితే దాని కింది పసుపు బయటపడుతూనే ఉంటుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం మొగుడూ పెళ్లాలకు ఒకే ఒరలో రెండు కత్తుల వ్యవహారం. ఎడారి బండిని చూసుకున్నవాణ్ని, నాకు తెలియని బ్యాటరీయా అని అతను. కానీ ఆ బండిలోవి నీళ్లు పోసే పని లేని, మూతలే లేని బ్యాటరీలు. ఇక్కడ బస్సులో పెట్టినవి యాసిడ్ బ్యాటరీలు. ఒక్కోదానికి ఆరు గదులు, గదికో మూత. వాటితో కాపురం చేసింది ఖమ్రున్నీసా. మొగుడు దేశంలో లేనన్నాళ్లు ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీని ఆమే సాకింది. నెల నెలా మూతలు తీసి, తగ్గిన గదిలో ఏ ఉప్పూ లేని బ్యాటరీ నీళ్లు గీతదాకా పోసేది. తీగలు బిగించే చోట పచ్చటి తుప్పు పడితే, వాటిని విప్పి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్లతో తుడిచి, ఆరాక వ్యాజిలిన్ పూసేది. పక్కనే పీటేసుకుని వక్కాకు నములుతూ అత్త జైబున్నీసా ఇదంతా చూసేది.

శుక్రవారం పరీక్ష పెట్టారు. రాత్రంతా చార్జింగులో పెట్టిన బ్యాటరీలకు అన్సర్ పొద్దున్నే మీటరు తగిలించి కేక పెట్టాడు.

"పదమూడు వోల్టులు దాటింది! చూడు మే, ఎట్లుండాదో!"

"ఇప్పుడే పొయ్యి మింద నుంచి దించినావు, పొంగును కొలుస్తాండావు. పాలు చల్లారనియ్యి మామా" అంది ఆమె.

అతను జుమ్మా నమాజుకు పోయి వచ్చేసరికి పొంగు దిగి, మీటరులో పన్నెండు మీద కొంచెం మాత్రం మిగిలింది. మిషను, ఫ్యాను, ఫ్రిజ్జు, లైట్లు అన్నీ వేసి కూర్చున్నారు. లెక్క ప్రకారం ఆ వాడకానికి రాత్రంతా నడిచినా బ్యాటరీలలో సగం మిగలాలి. కుండలో నీళ్లు సగానికి తగ్గాక ఇంక ముంచకూడదు, అడుగుదాకా తోడితే బ్యాటరీ ఆయుష్షు తోడినట్టే అని ఆమె నియమం. తీరా సాయంత్రం నమాజు వేళ కూడా కాకముందే ఇన్వర్టరు కుయ్యి కుయ్యిమని మొత్తుకుని ఆగిపోయింది. దాంతోపాటు మిషను కూడా నిట్టూర్చి ఊరకుంది.

అన్సర్ ఆ మిషను వైపు చూసిన చూపు ఆమె చూడలేకపోయింది.

"గదులు ఒకటొకటి చూస్తా, ఉండు" అని కళ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. కిటికీలన్నీ తెరిచి, పొయ్యి వెలిగించొద్దని చెప్పి, యాసిడ్ చూసే గాజుగొట్టం తీసింది. దాని పైన రబ్బరు బుడ్డి ఉంటుంది, లోపల రంగు గీతల బెండు తేలుతుంది. గదిలోకి గొట్టం పెట్టి పీలిస్తే, యాసిడ్ చిక్కగా ఉంటే బెండు పచ్చగీత దాకా లేస్తుంది. పలచబడితే ఎర్రగీత దగ్గరే మునుగుతుంది. మొదటి బ్యాటరీలో అన్ని గదులూ మంచివే. రెండోదాంట్లో కూడా వరసగా బాగానే ఉన్నాయి. తలుపుకు దగ్గరగా ఉన్న చివరి గదిలో మాత్రం బెండు రాయి మాదిరి మునిగిపోయింది. ఆ ఒక్క గది కుంటుతూ, ఆ బ్యాటరీని, దానికి జతకట్టిన మొదటి బ్యాటరీని కూడా కిందికి లాగుతోంది.

"నువ్వే పోసింటావు. ఇంట్లో తాగే క్యాను నీళ్లు పోసి ఏమీ ఎరగనట్టు కూర్చుండావు" అంది ఖమ్రున్నీసా.

"అల్లా తోడు, నేను మూతే ముట్టలే. ఆ బ్యాటరీలంగడి నబీ రసూల్ గాడు పాతదానికి స్టిక్కరేసి అంటగట్టినాడు. రేపు పోయి అంగటి ముందరే కడిగేస్తా చూడు!"

"నువ్వు ముట్టకపోతే ఎవురు ముట్టినారు? దెయ్యాలా?"

వాళ్లిద్దరి మధ్య దూది మంటలా లేచిన జగడాన్ని జైబున్నీసా ముందు సీట్లో కూర్చుని వింటూ ఉంది. ఎవరింట్లో గిన్నె పడినా తీర్పు చెప్పే ముసలామె ఆ రోజు నోరు మెదపలేదు. ఖమ్రున్నీసా అది గమనించింది గానీ, కోపంలో పట్టించుకోలేదు.

శనివారం పొద్దున బస్సునే అంగడికి తోలుకుపోయారు. కిటికీ పక్క సీటుకు అలవాటు పడిన జైబున్నీసా దిగనంది, ఆమె కూడా వచ్చింది. నబీ రసూల్ తండ్రి కాలం నుంచి బ్యాటరీల అంగడి నడుపుతున్న మనిషి. పెద్ద మాట పడి ఎరగడు. అన్సర్ బస్సు దిగీ దిగకముందే రోడ్డు మీద అందుకున్నాడు.

"ఏమప్పా రసూలూ, కొత్త బ్యాటరీ అని చెప్పి ఏందిది? గల్ఫు నుంచి వచ్చినోడు, ఏం తెలుసులే అనుకున్నావా?"

టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా దగ్గరకు జరిగారు. రసూల్ ముఖం నల్లబడింది. నేరుగా బస్సెక్కి, చివరి గది మూత తీసి టార్చి వేసి చూశాడు. మూత అంచుకు పేరుకున్న తెల్లటి పెచ్చును తొడుగు వేసుకున్న వేలితో గీకాడు.

"ఇది బ్యాటరీ తప్పు కాదన్నా. దీంట్లో యాదో ఉప్పు తేలిన నీళ్లు పడినాయి, శానానే పడినాయి. నిండి పొంగింటాది, ఉండే యాసిడ్ బయటికి పోయింటాది. పోసినోళ్లు నా అంగట్లో లేరు, మీ ఇంట్లో ఉండారు."

"మా అమ్మ మింద ఒట్టు! మా ఇంట్లో ఎవురూ పోయలే!"

"నా మింద ఒట్టు పెట్టాకురా" అంది కిటికీలోంచి జైబున్నీసా. "నేనే పోసినా."

టీ గ్లాసులన్నీ అటు తిరిగాయి. ముసలామె తల మీది కొంగు సర్దుకుని, తప్పు చేసినవాళ్ల గొంతుతో కాకుండా, పని చేసినవాళ్ల గొంతుతో చెప్పింది.

"బస్సుకు గుండె యాడుండాదిరా అని అడిగితే, ఈ బ్యాటరీనే అమ్మా అని చూపించింది నువ్వే గదా. రాత్రిపూట నీ ఊపిరి దాని మిందనే గదా ఉండేది. కోడలు మూతలు తీసేది ఇన్నేండ్లు చూసినా, నాకు రాదా? అందిన మూత తీసి బిస్మిల్లా అని సీసా వంచినా."

"యా సీసా అత్తా?" అంది ఖమ్రున్నీసా. అడుగుతున్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

"నాకు ఎన్ని సీసాలుండాయి అమ్మీ? జంజం నీళ్ల సీసా."

మక్కా పోయి వచ్చిన చుట్టాలు అక్కడి పవిత్ర బావి నీళ్లు పట్టి ఇస్తే, ముసలామె తన పెట్టె అడుగున తెల్లగుడ్డలో చుట్టి దాచుకున్న సీసా అది. రంజాన్‌కు కూడా మూత తీయలేదు. తన ఆఖరి గడియలో నోట్లో పోయాలని కోడలికి ఎన్నిసార్లు ఒప్పజెప్పిందో లెక్కలేదు. ఆ నీళ్లు బస్సుకు పోసింది. కొడుకు జబ్బు తెలిసిన నాటి నుంచి ఆమె రాత్రుళ్లు లేచి వచ్చి, మిషను కింద నుంచి చెయ్యి పోనిచ్చి, వాడి ఊపిరి వేళ్లకు తగిలేదాకా నిలబడేది. ఆ సంగతి ఖమ్రున్నీసాకు తెలుసు. నిద్ర నటిస్తూ ఎన్నో రాత్రులు చూసింది. బస్సు చెడగొట్టిందని అత్త మీద రావలసిన కోపం ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

"అమ్మా, అవి నీకు గదా..." అన్నాడు అన్సర్.

"నాకు ఇప్పుడేం తొందర? ముందర నీ ఊపిరి ఆడాల."

అన్సర్ కిందికి దిగి రసూల్ చెయ్యి పట్టుకున్నాడు. "నోరు జారినా అప్పా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. రసూల్ అది విననట్టే ఉన్నాడు. అతనికి అంతకన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది. పారబోయడానికని ఆ గదిలోని యాసిడంతా అప్పుడే గాజు జాడీలోకి లాగాడు. జాడీ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు.

"దీన్నిప్పుడు యాడ పోసేదప్పా?" అన్నాడు. "జంజం నీళ్లు కలిసినాయి, కాలవలో పోయలేను. యాసిడ్ ఉండాది, చెట్టుకు పోయలేను."

టీ గ్లాసులవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఏదీ కుదరలేదు. చివరకు రసూల్ జాడీకి మూత బిగించి, అంగట్లో అన్నిటికన్నా ఎత్తున, పై అరలో పెట్టాడు. మొదట నవ్వింది జైబున్నీసానే. ఆ తరువాత రోడ్డంతా నవ్వింది.

"ఈ బ్యాటరీని నా కాడ విడిచిపెట్టిపోండి. ఆ గదికి కొత్త యాసిడ్ పోసి మెల్లగా చార్జింగ్ పెట్టి చూస్తా. బతికితే బతుకుతాది" అన్నాడు రసూల్.

నవ్వులు నవ్వులే, మిగిలింది ఒక్క బ్యాటరీ. ఇంటికి వచ్చే దారిలో అన్సర్ స్టీరింగ్ మీద నుంచి కళ్లు తిప్పకుండా అన్నాడు.

"ఒక్కదాంతో అన్నీ నడవవు. షాహుల్‌కు ఇచ్చేద్దాంలే ఖమ్రూ. ఎవురి రాతలో ఏముండాదో అది."

ఖమ్రున్నీసా ఇంటికి రాగానే నేరుగా ఇన్వర్టరు ఉన్న మూలకు పోయింది. ఆరేళ్ల బ్యాటరీ అది. మొగుడు ఊళ్లో లేని రోజుల్లో, కరెంటు పోయిన రాత్రుల్లో, ఇంటికి వెలుతురు ఇచ్చింది అదే. ఒక్కో మూత తీసి గాజుగొట్టం పెట్టింది. ఒక గది తరువాత ఒక గది, బెండు పచ్చగీతకు కాస్త కిందుగా ఒకే చోట నిలిచింది. వయసు తగ్గించింది గానీ, ఏ గదీ పక్కదాన్ని మోసం చేయలేదు.

"మామా, ఇట్ల రా. దీన్ని బస్సులోకి ఎత్తు."

"పాతా కొత్తా కలపగూడదే. పాతది కొత్తదాన్ని లాగుతాది."

"ఎవురు కలపమన్నారు? వేరే కాపురం పెట్టు. కొత్తదానికి నీ మిషను ఒక్కటే తగిలియ్యి, ఇంకేదీ ముట్టనియ్యాకు. ఫ్యాను, ఫ్రిజ్జు, లైట్లు పాతదాని మింద ఎయ్యి. ఇంట్లో ఇన్వర్టరు గూడా దాంతోనే వస్తాది. పాతది ఆగినా నీ మిషను ఆగదు."

అన్సర్ ఆలోచించాడు. ఎడారి బండిలో కూడా ఇట్లాగే విడివిడిగా ఉండేవని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

"కాపురానికొచ్చినప్పటి నుంచి నా కోడలు వేరే కాపురమని నోరెత్తలే" అంది జైబున్నీసా పీట మీద నుంచి. "ఇప్పుడెత్తింది, అదీ బ్యాటరీకి."

"మరి ఇంట్లో కరెంటు పోతే?" అన్నాడు అన్సర్.

"అందరం బస్సులో ఉంటే ఇంట్లో ఎలుతురు ఎవురికిరా, బల్లులకా?" అంది తల్లి.

ఆ మాటతో పని మొదలైంది. సాయంత్రానికి తీగలు విడదీశారు, బిగించారు, వ్యాజిలిన్ పూశారు. ఎండ చల్లబడగానే బస్సు కదిలింది. జమ్మలమడుగులో షాహుల్ అంగడి ముందు నుంచి పోవలసి వచ్చినప్పుడు, "తలలు వంచుకోండి" అని జైబున్నీసా హెచ్చరించింది. నీలం బస్సు వంచుకోలేదు గానీ, పలావు గుంపులో ఉన్న షాహుల్ రోడ్డు వైపు చూడలేదు.

మైలవరంలో నీళ్లు కనబడే ఎత్తు మీద, నలుగురు పల్లెవాళ్లు గొర్రెలు మేపుకునే చోట బండి ఆపారు. అన్నం, చేపల పులుసు. మొదటిసారిగా చక్రాల మీది మంచంలో అన్సర్ మిషను తగిలించుకుని పడుకున్నాడు. "ఇంత మెత్తగా ఉంటాదా?" అన్నాడు. ఆ మాట అని అటు తిరిగాడు. ఖమ్రున్నీసా ఫ్యాను ఒక మెట్టు తగ్గించి, రాత్రంతా మేలుకుని మీటరు చూద్దామని కూర్చుంది. ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు.

కన్ను తెరిచేసరికి కిటికీ తెల్లగా ఉంది. ముందు మిషను చప్పుడు కోసం వింది. సన్నగా, సమంగా, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. మీటరు చూసింది. కొత్తదాంట్లో సగానికి పైనే ఉంది. పాతది సగం గీతకు రాబోతూ ఉంది గానీ, ఇంకా దాటలేదు. దాని మూత మీద అరచెయ్యి వేసి ఒకసారి నిమిరింది.

అప్పుడు గమనించింది, రాత్రి అత్త లేచినట్టు లేదు. కొడుకు ఊపిరి చూడటానికి వచ్చిన అలికిడి ఒక్కసారి కూడా కాలేదు. పొడుగు సీటు మీద గోడ వైపు తిరిగి, దుప్పటి మెడదాకా లాక్కుని, కదలకుండా పడుకుని ఉంది. మరీ కదలకుండా. ఖమ్రున్నీసా మెల్లగా పోయి వంగి, రెండు వేళ్లు ముసలామె ముక్కు కింద పెట్టింది.

వెచ్చటి ఊపిరి వేళ్లకు తగిలింది. దానితోపాటు వక్కాకు వాసన. ఒక కన్ను తెరుచుకుంది.

"ఉండానులే అమ్మీ. ఇన్నాళ్లకు నిద్ర పట్టింటే లేపుతాండావా? లేపినావు గదా, టీ పెట్టు."

ఖమ్రున్నీసాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. బయట డ్యాము నీళ్ల మీద ఎర్రగా తెల్లవారుతోంది. నాయన నిలబడే చోట ఎవరో ఇద్దరు వల విసురుతున్నారు. ఆమె తలుపు బార్లా తెరిచి మెట్టు మీద కూర్చుని, కళ్లు నిండేదాకా చూసింది. టీ సంగతి మరిచిపోయింది. టీ పెట్టింది అన్సర్. ముఖం మీద మిషను ముద్ర ఇంకా పోలేదు గానీ, ఇంత తేటగా ఆ ముఖాన్ని ఆమె పెళ్లినాటి తరువాత చూడలేదు.

మొదటి గుక్క తాగేసరికి ఫోను మోగింది. షాహుల్.

"ఏమక్కా, పొద్దున్నే వస్తానని చెప్పింటి గదా! ప్రొద్దుటూరులో మీ గడప ముందర నిలబడుండా, తాళమేసిండాది. బండి గూడా లేదు. యాడుండారు మీరు?"

ఖమ్రున్నీసా వెనక్కి తిరిగి చూసింది. అత్త దుప్పటి మడత పెడుతోంది, మొగుడు గ్లాసులు కడుగుతున్నాడు, సీటు కింద పాత బ్యాటరీ తన పని తాను చేసుకుపోతోంది.

"ఇంట్లోనే ఉండామప్పా" అంది.